ఆశమ్మ రాసిన బీపీ

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల పక్కనున్న ఆ బస్తీలో కల్పలత బీపీ పట్టీ చుట్టని జబ్బ లేదు. పన్నెండేళ్లుగా ఆమె అక్కడ ఆశా వర్కరు. పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ ఆశమ్మే. కిరాణా సేటు బేరం ఆపి మరీ గల్లాపెట్టె మీద చెయ్యి చాపేవాడు. కోడళ్లను గడగడలాడించే ముసలమ్మలు కూడా ఆమె "మాట్లాడకు, కాళ్లు కింద పెట్టి కూసో" అంటే బడిపిల్లల్లా కూర్చునేవాళ్లు. ముప్పై దాటినవాళ్లు ఆమె లెక్కలో ఆరువందల పన్నెండు మంది. అందులో ఒక్క మనిషి మాత్రం ఆమెకు చిక్కలేదు. అతను పరాయివాడేమీ కాదు, ఆమె మొగుడు వేణుమాధవ్.

వేణుమాధవ్ మెట్టుగూడలో ఒక పెళ్లికార్డుల షాపులో కంపోజింగు చేస్తాడు. పొద్దున పదింటికి కంప్యూటరు ముందు కూలబడితే మళ్లీ ఇంటికి రావడానికే లేస్తాడు, మధ్యలో లేచేది జర్దా ఉమ్మడానికి. పేర్లలో ఒక్క అక్షరం తప్పు పోనివ్వడని మంచి పేరు. తప్పులు పట్టేవాడికి తనలో తప్పుందంటే ఎంత మంటో, అతనికీ అంతే మంట.

ముప్పై దాటినవాళ్లందరికీ ఆమె నింపే సర్వే పత్రంలో ప్రశ్నలు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని రాసినట్టుండేవి. వయసు నలభై దాటిందా? నలభై నాలుగు. పొగాకు రోజూ వాడతారా? జర్దా లేకపోతే అతనికి అక్షరాలు ఆనవు. నడుము కొలత? నిద్రలో ఉండగా టేపు దూర్చి చూసింది, తొంభై ఆరు సెంటీమీటర్లు. నడక, వ్యాయామం? బండి దిగి షాపు మెట్లు మూడు ఎక్కడం. ఇంట్లో ఎవరికైనా బీపీ, గుండెజబ్బు ఉన్నాయా? ఇక్కడ కొంచెం కథ ఉంది. తండ్రి యాభై ఒకటో ఏట బాత్రూంలో పడి పోయాడు. సబ్బు మీద కాలేసి జారాడని ఇంట్లో అందరూ చెబుతారు. ఆ మనిషికి ఏడాదిగా తలనొప్పి ఉండేదని, మెడ పట్టుకుని గోడకు ఆనుకునేవాడని కూడా వాళ్లే చెబుతారు. ఈ రెండు మాటలను కలిపి చూసినవాళ్లు లేరు. పాతికేళ్లుగా ఆ ఇంట్లో నేరమంతా ఒక సబ్బుబిళ్ల మోస్తున్నది.

ఒక్కో జవాబుకు ఇన్నని మార్కులు, మొత్తం నాలుగు దాటితే మనిషిని దవాఖానాకు తోలమని రూలు. వేణుమాధవ్‌కు ఎనిమిది వచ్చాయి. ఉప్పు గురించి ఆ పత్రంలో ప్రశ్నే లేదు, అదొక అదృష్టం. ఉండి ఉంటే అత్తగారు శారదమ్మ జాడీల కోసం ఇంకో కాగితం అంటించాల్సి వచ్చేది. మామిడికాయ, చింతకాయ, పండుమిరప, వీటి పక్కన చల్లమిరపకాయలు, ఇన్నీ ఉండగా మజ్జిగలో మళ్లీ గుప్పెడు ఉప్పు. కొడుకు పళ్లెం పక్కన ఉప్పుగిన్నె లేకపోతే ఆ తల్లికి ముద్ద దిగదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాంసంకూర తిని వేణుమాధవ్ చాప మీద ఒరిగాడు. నిద్రపోయాడనుకొని కల్పలత మెల్లగా పట్టీ చుట్టి మిషన్ నొక్కింది. పట్టీ బిగుసుకునే సరికి అతను దిగ్గున లేచాడు. అప్పటికే అంకె వచ్చేసింది. నూట అరవై ఎనిమిది, కింద నూట ఎనిమిది.

"పండుకున్న మనిషి చెయ్యి పిసికితే బీపీ రాక ఏమొస్తది?" అని గయ్యిమన్నాడు. "నీ మిషనే ఖరాబ్. ఊర్ల మందికి అందరికి గిట్లనే చెప్తున్నవా?"

"ఖరాబ్ గాదు. ఇగో, నాకు చూసుకుంట, చూడుర్రి." తన చేతికి కట్టుకుంది. నూట పదహారు, డెబ్బై నాలుగు. "జెర అద్దగంట కూసోర్రి. మళ్లీ చూస్త."

బతిమాలి బతిమాలి అరగంటకు మళ్లీ చూసింది. పైఅంకె రెండు తగ్గింది, అంతే. ఇలాంటి అంకెలు బస్తీలో ఎన్నో చూసింది కానీ ఇంట్లో చూడలేదు.

"రేపు పొద్దున దవాఖానాకు పోదాం. గోళీలు ఫ్రీ. పైస ఖర్చు లేదు."

"ఒక్కసారి గోళీ షురూ చేస్తే జిందగీ మొత్తం మింగాల్నట. మా షాపు సేటు అట్లనే మింగుతుండు, పీనుగ లెక్క అయిండు. నాకేం తక్లీఫ్ ఉందని? తల తిరుగుతుందా, కండ్లు చీకట్లయితున్నయా?"

"బీపీకి తక్లీఫ్ ఉండదు. అందుకే గదా భయం."

"తక్లీఫే లేని రోగానికి మందేంది? మంచిగున్న మనిషిని పేషెంట్ చేస్తున్నవేందే?"

వంటింట్లోంచి శారదమ్మ వచ్చి కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం చూసినట్టు. "సల్లగనే ఉంది గదనే. వాళ్ల నాయన సుత గిట్లనే ధాటిగ ఉండె. సబ్బు మీద కాలు వడకపోతే ఇయ్యాల్టికీ ఉండేటోడు."

సబ్బు మీద పడి పోయాడా, పోయి సబ్బు మీద పడ్డాడా అని కల్పలత నోటిదాకా వచ్చింది. అత్తగారి మొహం చూసి మింగేసింది. ఆ మింగడమే ఆమెకు మొదటి నుంచీ ఉన్న రోగం.

మర్నాడు ఆ అంకె ఫోన్‌లోని సర్కారు ఆప్‌లో ఎక్కించింది. బీపీ ఎక్కువుందని వేణుమాధవ్ పేరు పక్కన ఎర్రచుక్క పడింది. బస్తీ దవాఖానాలో డాక్టరుకు చెప్పి నెల రోజుల గోళీలు తెచ్చి టీవీ పక్కన పెట్టింది. అన్నం ముందు చెప్పింది, అన్నం తర్వాత చెప్పింది, కూతుర్ని మధ్యలో పెట్టి చెప్పించింది. ఒకరోజు ఆ గోళీల చీటీ మీద అతను జర్దా డబ్బీ పెట్టి షాపుకు వెళ్లిపోయాడు. ఆమె రెండు నెలలు పోరింది, తర్వాత అలిసిపోయింది. పరాయి మొగుళ్లందరినీ దారికి తెచ్చిన మనిషికి సొంత మొగుడు లొంగకపోతే కలిగే కసి ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మార్చి నెలాఖరులో దవాఖానా నర్సు స్వర్ణలత ఆమెను పక్కకు పిలిచింది. సర్కిల్ మొత్తంలో ఒక్క ఆశాకు సన్మానం, ఆమె పేరే రాశామని చెప్పింది. షరతు ఒకటే, లిస్టులో చికిత్స మొదలుపెట్టని ఎర్రచుక్క ఒక్కటి కూడా మిగలకూడదు.

"అందరు కంప్లీట్ అయిన్రు కల్పలతా. ఒక్కడే మిగిలిండు. పేరు చూసి నాకే సిగ్గయింది. మీ ఆయనే గదా?"

"గోళీ ఏసుకుంటలేడు మేడం. ఎంత చెప్పినా వింటలేడు."

"నీ ఇంట్లనే చెల్లకపోతే బస్తీల ఏం చెల్తది? ఇంకోపారి చూడు. మామూలుగ వస్తే మామూలని ఎక్కియ్యి. ఎల్లుండిదాకా టైముంది."

అబద్ధం రాయమని స్వర్ణలత అనలేదు. అనలేదని తర్వాత చాలాసార్లు కల్పలత గుర్తు చేసుకుంది, నేరం ఆమె మీద వేసి తప్పించుకోవడానికి వీల్లేకుండా.

ఆ సాయంత్రం పట్టీ పట్టుకొని వెళ్తే వేణుమాధవ్ చెయ్యి విదిలించాడు. "నాకేం లేదని ఎన్నిసార్లు చెప్పాలె? లేదంటే లేదు, బస్. రాసుకో పో." ఆమె వంటింట్లోకి వెళ్లి స్టవ్ పక్కన నిలబడింది. పప్పు ఉడుకుతున్నది. లేదంటివి గదా, లేదనే రాస్త, నీ కర్మ అనుకుంది. ఫోన్ తీసి నూట పద్దెనిమిది, కింద డెబ్బై ఎనిమిది అని కొట్టింది. ఎర్రచుక్క ఆకుపచ్చగా మారింది. పప్పులో తాలింపు వేసింది. కోపం ఒక్కటే అయితే తర్వాత ఆమె తనను తాను క్షమించుకోగలిగేదేమో. అంకె కొడుతున్నప్పుడు స్టేజీ, శాలువా కూడా కళ్ల ముందు మెదిలాయి, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. వచ్చే నెల సరిచేద్దాంలే అనుకుంది.

వచ్చే నెల దాకా ఆగే పని లేకపోయింది. మర్నాడు పొద్దున్నే వేణుమాధవ్ ఫోన్ టింగుమంది. అతను జర్దా నలుపుతూ మెసేజ్ తెరిచి, కార్డు మీది అక్షరాలు చదివినట్టు ఒక్కొక్క మాటా పైకి చదివాడు. "వేణుమాధవ్ గారూ, మీ రక్తపోటు నూట పద్దెనిమిది బై డెబ్బై ఎనిమిది. సాధారణంగా ఉన్నది. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి." చదివి పగలబడి నవ్వాడు.

"అమ్మా, ఇటు రా! నీ కోడలు నన్ను చంపుతనే ఉండె గదా. సర్కార్ ఏమన్నదో చూడు. సాధారణమట! ఏడాదిదాకా రానే వద్దట!"

శారదమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఏ దేవుడికో తెలియదు. కల్పలత చేతిలో చాయ్ గిన్నె ఉంది. ఆమెకు ఈ మెసేజ్ సంగతి తెలియనిది కాదు. బస్తీలో అందరికీ వెళ్తుంది. తన ఇంటికీ వస్తుందన్నది ఒక్కటే తట్టలేదు.

"అది... జెర ఆగుర్రి. అది తప్పు పడ్డట్టుంది. మిషన్‌ల ఏదో గడ్‌బడ్ అయింది," అంది.

"ఇగో! నేను చెప్పలే? నీ మిషన్ ఖరాబని నేను మొదలే చెప్పిన గదా!" అతను ఇంకా గట్టిగా నవ్వాడు. "నూట అరవై వస్తే నిజం, నూట పద్దెనిమిది వస్తే గడ్‌బడా? మంచిగుంటే నీకు మనసున వడ్తలేదు."

నేనే అబద్ధం రాసిన అనే మూడు మాటలు చాలు. గిన్నె కింద పెట్టి చెప్పేస్తే అయిపోయేది. ఎదురుగా అత్తగారు ఉన్నది. అతను అదే మాట షాపులో చెబుతాడు, షాపులోంచి బస్తీకి వస్తుంది, ఆశమ్మ అంకెలు కల్పించి రాస్తుందంటే ఇంకే తలుపు తెరుచుకుంటుంది? రేపు నెమ్మదిగా చెప్పొచ్చనుకొని చాయ్ పోసింది. పన్నెండేళ్లుగా నిజం చెబితే ఒక్కనాడూ చెవిన పెట్టని మనిషి, ఆమె ఆడిన ఒక్క అబద్ధాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు.

సన్మానం జరిగింది. శాలువా కప్పారు. వేణుమాధవ్ సెలవు పెట్టి మరీ వచ్చి ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆమెకు ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే అనిపించింది.

తర్వాత పెళ్లిళ్ల సీజను వచ్చింది. రాత్రి పదికి ఇంటికి వచ్చేవాడు ఒంటిగంటకు వచ్చి, పొద్దున ఏడింటికే మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాడు. నాలుగైదు గంటల నిద్ర, షాపులో గంటకో చాయ్, ఆకలేస్తే మిర్చీబజ్జీ. టీవీ పక్కన గోళీలు ఎప్పుడో అలమారలోకి పోయాయి. మే నెలలో తలనొప్పి పట్టుకుంది. మెడికల్ షాపులో నొప్పిగోళీలు కొనుక్కొని రోజుకు రెండు వేసుకునేవాడు. ఒకరోజు మెడ వెనక చెయ్యి పెట్టుకొని గోడకు ఆనుకోవడం కల్పలత చూసింది. పట్టీ తీసుకొని అతని దగ్గరికి వచ్చింది.

"నొప్పి గోళీలు అన్ని వద్దు. వాటితోటి బీపీ ఇంకా ఎక్కుతది. ఒక్కసారి చెయ్యి ఇయ్యుర్రి, మీ కాళ్లు మొక్కుత."

"ఏడాది గాలే ఇంకా," అన్నాడు అతను. ఎకసెక్కంగా కాదు, నిజంగానే అన్నాడు. మెసేజ్‌లో అలాగే ఉంది మరి.

ఆమె నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పాలి. "అది నేను..." అన్నది. అంతలో అతని ఫోన్ మోగింది. పెళ్లికొడుకు తండ్రి ఎవరో కార్డుల కోసం అరుస్తున్నాడు. అతనూ అరుస్తూ చెప్పులేసుకున్నాడు. సీజను అయిపోయాక కూర్చోబెట్టి చెప్పాలని ఆమె మళ్లీ వాయిదా వేసింది. ఇంత చిన్న సందు దొరికినా వాయిదా వేసేవాళ్లుంటారు, ఆమె అలాంటి మనిషి.

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి ప్రింటింగు మిషన్ నడిపే షంషీర్ ఫోన్ చేశాడు. "భాభీ, పరేషాన్ గావొద్దు. వేణన్న మాట తొట్రువడుతుంది. మూతి వంకరయింది. కుర్చీల కెల్లి లేస్తలేడు. ఆటోల ఏసుకొని పెద్దదవాఖానాకు తీస్కపోతున్న, మీరు అటే రండ్రి."

కల్పలత అత్తగారిని తీసుకొని వెళ్లేసరికి స్ట్రెచరు మీద ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి పక్కకు వాలిపోయింది. శారదమ్మ కాళ్ల దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నది. తలకు స్కానింగు అయింది. లోపల చిన్న రక్తనాళం చిట్లిందని చెప్పారు. డాక్టరు దేవకృప ముప్పై దాటని అమ్మాయి, కాగితం పట్టుకొని గబగబా అడుగుతున్నది.

"బీపీ రెండువందల పది ఉంది. ముందు నుంచి బీపీ ఉందా? మందులు వాడుతున్నాడా?"

"లేదమ్మా, బీపీ లేదు," అన్నది శారదమ్మ. కొడుకు జేబులోంచి ఫోన్ తీసి, ఆ మెసేజ్ వెతికించి డాక్టరు చేతిలో పెట్టింది. "సర్కార్ వాళ్లు చూసిన్రు. మొన్న మార్చిల. మంచిగుందని రాసి పంపిన్రు చూడు."

దేవకృప చదివి కనుబొమలు ముడిచింది. "రెండు నెలల కింద నూట పద్దెనిమిదా? ఈ వయసులో ఇంత తొందరగా ఇంత పెరిగిందంటే వేరే ఏదో ఉండాలి. కిడ్నీ చూద్దాం, మెదడు రక్తనాళాల్లో బుడగేమైనా ఉందో చూద్దాం..." నర్సుకు ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలు చెప్పడం మొదలుపెట్టింది.

ఇక వాయిదాకు చోటు లేదు. తన అంకె పట్టుకొని డాక్టరు ఇంకో దారిన పోతున్నది. కల్పలత ముందుకు వచ్చింది.

"మేడం, అది నిజం గాదు. ఏడు నెలల కింద నూట అరవై ఎనిమిది బై నూట ఎనిమిది ఉండె. రెండుసార్లు చూసిన. గోళీలు ఏసుకోలేదు. ఆ నూట పద్దెనిమిది... నేనే కల్పించి రాసిన. చూడకుండ రాసిన. నేను ఆశా వర్కర్ని."

దేవకృప ఒక్క క్షణం ఆమెను చూసింది. తిట్టలేదు. కాగితం మీద కొట్టివేసి కొత్తగా రాసుకుంటూ అడిగింది. "ఇట్లా ఎంతమందికి రాశారు?"

"ఒక్కరికే మేడం."

నిజమే చెప్పింది. మిగతా ఆరువందల పదకొండు మందికీ ఒళ్లు దగ్గర పెట్టుకొని చూసింది. ఆ మాట డాక్టరు నమ్మలేదని ఆమెకు అర్థమైంది. నమ్మమని అడిగే మొహం కూడా లేదు.

శారదమ్మ ఏడవడం ఆపింది. కోడలి వైపు తిరిగి, గొంతు పెంచకుండా అన్నది. "ఊరందరికి నిజం రాసినవు. నా కొడుకుకే అబద్ధం రాయబుద్ధయిందా?"

కల్పలత స్ట్రెచరు వైపు చూసింది. వేణుమాధవ్ చూపు పైకప్పు మీద లేదు, ఆమె మీద ఉంది. అతను అంతా విన్నాడు. మూతి కదిలింది, మాట రాలేదు. అతను ఏమనబోయాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

మూడు వారాలు దవాఖానాలో ఉండి బతికి ఇంటికొచ్చాడు. కుడికాలు ఈడుస్తూ నాలుగడుగులు వేస్తాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంటుంది. మాట ఆ, ఊ దాకా వచ్చింది, అక్కడే ఆగింది. ఎదుటివాళ్లు మాట్లాడేది, రాసి చూపించేది మాత్రం అంతా అర్థమవుతుంది. జర్దా పోయింది. జాడీలను శారదమ్మే స్వయంగా అటకెక్కించింది, ఎవరూ చెప్పకుండానే. కల్పలతతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది.

కల్పలత ఫోన్‌లో జరిగింది ఒప్పుకున్నాక స్వర్ణలత పండ్లు పట్టుకొని చూడటానికి వచ్చింది. వెళ్లేటప్పుడు గడప దగ్గర గొంతు తగ్గించి, "ఆప్‌ల సరిజేసిన. ఇప్పుడు ఎర్రగనే చూపిస్తుంది. ఎవ్వరు అడగరు, నువ్వు బుగులు పడకు," అన్నది. ఎవరూ అడగలేదు కూడా. నోటీసు రాలేదు, ఉద్యోగం పోలేదు. బస్తీలో మొగుడికి పక్షవాతం వచ్చిందని అందరూ అయ్యో అన్నారు, ముందుకంటే ప్రేమగా జబ్బలు చాపారు. ఎవరైనా ఒకరు నిలబెట్టి తిడితే బాగుండునని కల్పలత కోరుకుంది. ఆ పాటి సుఖం కూడా ఆమెకు దక్కలేదు.

రోజూ పొద్దున గోళీలు వేసే ముందు బీపీ చూడమని డాక్టరు చెప్పింది. ఇంటికొచ్చిన మర్నాడు కల్పలత అతని మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద మిషన్ తన వైపు పెట్టుకొని, బాగున్న ఎడమ జబ్బకు పట్టీ చుట్టింది. ఇన్నేళ్లకు ఆ చెయ్యి కాదనకుండా ఆమె చేతిలోకి వచ్చింది. పట్టీ బిగుసుకుంది, వదులైంది. నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఆరు. ఆమెకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

"నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఆరు. చానా మంచిగుంది," అన్నది.

వేణుమాధవ్ ఆమె మొహం చూశాడు. చూసి, పట్టీ ఉన్న చేతినే ముందుకు చాపాడు. గొట్టం సాగి స్టూలు కదిలింది. నీళ్లనుకొని ఆమె గ్లాసు అందించింది. అతను తోసేశాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, కోపమని మాత్రం తెలుస్తున్నది. దిండు సర్దింది, ఫ్యాను చూసింది, ఏం కావాలని రెండుసార్లు అడిగింది.

వంటింటి గడపలో నిలబడ్డ శారదమ్మ అన్నది. "మిషన్ ఆని దిక్కు తిప్పు. ఆడు చూస్తడట."

కల్పలత మిషన్‌ను అతని వైపు తిప్పింది. అతను మెడ చాచి పైఅంకె చూశాడు, కిందిఅంకె చూశాడు. మళ్లీ పైఅంకె చూశాడు. అప్పుడు తృప్తిగా తలాడించి, గోళీ కోసం నోరు తెరిచాడు.

ఆనాటి నుంచి ఆమె అంకె పైకి చెప్పడం మానేసింది. పట్టీ చుట్టి, మిషన్ అతని వైపు తిప్పి పెట్టి, అతను చదవడం అయ్యేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది.